అడుగు చప్పుడు వినండి: నడకలో, మెట్ల మీద, బిందె మోతలో ఒంటి శక్తి ఎక్కడ కారిపోతుంది

తెల్లవారి ఐదున్నరకి మెరీనా తీరం వెంట ఉన్న కాలిబాట మీద ఒక పక్కగా నిలబడి కళ్లు మూసుకుని వినండి. కొందరి చెప్పులు టప్‌టప్‌మని నేలను కొడుతుంటాయి. కొందరివి సర్రుసర్రున ఈడ్చుకుపోతుంటాయి. ఎప్పుడో ఒకరు మాత్రం మన పక్కనుంచి దాటిపోయాక గానీ వచ్చినట్టు తెలియదు. కళ్లు తెరిచి ఆ మనిషి నడక చూడండి, ముచ్చటగా ఉంటుంది. నడక అందంగా ఉండటానికీ, ఒళ్లు తేలిగ్గా సాగటానికీ, చప్పుడు రాకపోవటానికీ కారణం ఒకటే. నేలకు కొట్టుకుని ఆగిన ప్రతిసారీ ఒంట్లో ఉన్న వేగం కొంత వేడిగా, చప్పుడుగా, మోకాలి అదురుగా పోతుంది. పోయినదాన్ని మళ్లీ కండరమే సంపాదించి పెట్టాలి. కండరం తనకు అందిన శక్తిలో మహా అయితే నాలుగో వంతు పనిగా మారుస్తుంది, మిగతా ముప్పాతికా వేడే. అంటే నేల పాలైన ఒక్కో జూలుకూ (శక్తిని కొలిచే ప్రమాణం) ఒంటికి పడే ఖర్చు నాలుగు జూళ్లు.

చెన్నైలో ఈ లెక్కకు ఇంకో బరువు కూడా ఉంది. గాలి నిండా తడి ఉన్న ఊళ్లో చెమట ఆరదు, కారిపోతుంది. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అందుకే ఇక్కడ వృథా కదలిక తగ్గించుకోవడం అంటే ఆయాసంతో పాటు ఉక్కను కూడా తగ్గించుకోవడమే.

కింద చెప్పినవన్నీ ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కోసం. మోకాలి, నడుము నొప్పితో మందు వాడుతున్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందు తమ డాక్టరుని అడగాలి.

నడక: తల కాస్త లేచి దిగాలి

నేల మీద ఆనిన కాలిని తలకిందులైన లోలకం అనుకోండి. పాదం ఇరుసు, తుంటి పైకొస. వెనకనుంచి ముందుకు వెళ్తూ ఒళ్లు ఆ కాలి మీదుగా చిన్న విల్లు గీస్తుంది. సగం దారిలో ఎత్తు ఎక్కువ, వేగం తక్కువ. తర్వాత దిగుతూ మళ్లీ వేగం పుంజుకుంటుంది. ఎత్తులో దాచుకున్నది వేగంగా, వేగంలో ఉన్నది ఎత్తుగా చేతులు మారుతుంటాయి. మామూలు నడకలో ఇలా తిరిగి చేతికొచ్చేది 60 శాతానికి పైనే. ఉయ్యాలకి ప్రతిసారీ కొత్తగా తోపు అక్కర్లేనట్టే ఇదీను.

ఇక్కడే చాలామంది పొరబడతారు. సొగసైన నడక అంటే తల నిలకడగా, గీత గీసినట్టు సాగాలని అనుకుని మోకాళ్లు వంచి నడుస్తారు. 2005లో ఒర్టేగా, ఫార్లీ అనే పరిశోధకులు మనుషులతో సరిగ్గా ఇలాగే, తల పైకీ కిందకీ కదలకుండా నడిపించి ఊపిరి కొలిస్తే ఖర్చు దాదాపు రెట్టింపైంది. కారణం సులువే. విల్లు చదునైతే ఎత్తులో దాచుకోవడానికి చోటు లేదు. పైగా వంగిన మోకాలిని తొడ కండరం అడుగడుగునా బిగబట్టి ఉంచాలి. నిటారుగా ఉన్న కాలి మీద ఎముక స్తంభంలా బరువు మోస్తుంది, కండరానికి పెద్దగా పని ఉండదు. కాబట్టి తల నాలుగైదు సెంటీమీటర్లు లేచి దిగితే దిగనివ్వండి. అది నునుపుగా, కుదుపు లేకుండా జరుగుతోందా అన్నదే చూసుకోవాలి.

మరి శక్తి పోయేది ఎక్కడ? ఒక విల్లు ముగిసి ఇంకో విల్లు మొదలయ్యే చోట. ఒళ్లు కిందకి, ముందుకి వస్తూ ఉంటుంది. ముందు కాలి మడమ నేలకు తగలగానే ఆ దిశను పైకి తిప్పాలి. ఆ తిప్పుడులోనే తగులు. అంగ ఎంత పొడుగైతే తిప్పాల్సిన కోణం అంత ఎక్కువ. అడుగుల లయ మార్చకుండా అడుగు పొడవు మాత్రమే పెంచితే ఈ నష్టం పొడవు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. పది శాతం పొడుగైన అడుగుకి దాదాపు 46 శాతం ఎక్కువ నష్టం. గబగబా వెళ్లాలని కాళ్లు బార్లా చాపి అంగలు వేసేవాళ్లు త్వరగా అలసిపోయేది ఇందుకే.

ఆ తగులును తగ్గించే ఉపాయం ఒంట్లోనే ఉంది. అది వెనక కాలి తోపు. ముందు మడమ నేలను తాకడానికి ఒక్క క్షణం ముందు వెనక కాలి మునివేళ్లు నేలను నొక్కితే, ఒళ్లు కిందకి పడుతున్న వేగం అప్పటికే పైకి మళ్లుతుంది. తగులు మెత్తబడుతుంది. అదే తోపు లేకుండా తుంటితో ఒంటిని ఈడ్చుకెళ్తే నాలుగింతలు పని పడుతుందని నడక పరిశోధకుడు ఆర్థర్ కువో వేసిన లెక్క. మోటారే లేని కాళ్ల బొమ్మ వాలు బల్ల మీద తనంతట తాను మనిషిలా నడవగలదని టాడ్ మెక్‌గీర్ 1990లో చూపించాడు. నడకలో కాళ్ల ఊపు చాలావరకు గురుత్వంతోనే సాగగలదని ఆ బొమ్మ చెప్పింది. మనం చేయాల్సిందల్లా దానికి అడ్డు రాకుండా, సమయానికి చిన్న తోపు ఇవ్వడం.

ఇక కొలతకి వద్దాం. మేడ మీదో, అపార్ట్‌మెంట్ వరండాలోనో 20 మీటర్లు టేపుతో కొలిచి రెండు చివర్లా ముగ్గుపిండితో గీత గీయండి. గీతకి మూడు నాలుగు అడుగుల ముందునుంచే నడక మొదలుపెట్టి, గీత దాటినప్పటినుంచి అవతలి గీత దాకా అడుగులు లెక్కపెట్టండి, ఫోనులో సమయం చూడండి. సుమారు 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి తన తీరున నడిస్తే 15, 16 సెకన్లలో 30 అడుగులు పడతాయి. అంటే గంటకి నాలుగున్నర, అయిదు కిలోమీటర్ల వేగం, నిమిషానికి 115 అడుగుల లయ. దూరానికి పడే ఖర్చు అతి తక్కువగా ఉండేది దాదాపు ఈ వేగం దగ్గరే. మరీ నిదానంగా నడిచినా ప్రతి మీటరుకీ ఖర్చు పెరుగుతుంది. లోలకం ఊపు అందుకోకపోవడమూ, దారిలో ఎక్కువసేపు ఒంటిని నిలబెట్టుకోవాల్సి రావడమూ రెండూ కారణాలే. మీ లెక్క 25 అడుగులే వస్తే అంగలు పొడుగైనట్టు. అదే సమయంలో 28 పడేలా చూసుకోండి. పాదాన్ని ముందుకి విసరకుండా తుంటికి దగ్గరగా పెడితే చాలు.

చేతులు వదిలేయండి. 2009లో కాలిన్స్, ఆడమ్‌చిక్, కువో కొలిచినప్పుడు చేతులు ఒంటికి ఆనించి పట్టుకుని నడిస్తే 12 శాతం ఖర్చు పెరిగింది. కుడికాలితో కుడిచేయి ముందుకి వచ్చేలా తప్పుడు ఊపు ఊపితే 26 శాతం. కాళ్లు ముందుకి వెనక్కి ఊగుతున్నప్పుడు మొండెం మెలితిరగబోతుంది, ఎదురు చేయి ఊపు ఆ మెలికను సరిచేస్తుంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని నడిచేవాళ్లు ఒక పక్క ఈ సాయం పోగొట్టుకుంటారు.

చెప్పుల సంగతి. వదులుగా ఉన్న హవాయి చెప్పు జారిపోకుండా కాలివేళ్లు అడుగడుగునా పట్టు బిగిస్తాయి, దాంతో వెనక తోపు పోతుంది. రోజూ నడిచేవాళ్లు వెనక పట్టీ ఉన్నవి వాడాలి. బరువు కూడా చూడాలి. ఒంటి నడుమన ఉన్న కిలో కంటే పాదాల మీద ఉన్న కిలో చాలా రెట్లు ఖరీదు. నడుము సాఫీగా సాగిపోతుంటే పాదం మాత్రం అడుగడుగునా ఆగి, మళ్లీ ఒంటి వేగాన్ని మించి ముందుకి పరుగెత్తాలి. అరిగిన పాత చెప్పు తిరగేసి చూస్తే మీ నడక జాతకం అందులో ఉంటుంది. మడమ వెనక, కాస్త బయటి వైపు అరగడం మామూలే. మడమ అంచు ఏటవాలుగా కోసేసినట్టు అరిగితే కాలు ముందుకి విసిరి మడమతో గుద్దుతున్నారని అర్థం. మడమ అలాగే ఉండి ముని భాగమే నున్నగా అరిగితే ఈడుస్తున్నారు.

ఒక హద్దు కూడా తెలుసుకోవాలి. కాలు పొడవు 90 సెంటీమీటర్లు అయితే, ఆ లోలకం మీద సెకనుకి సుమారు 3 మీటర్లు దాటి పోతే పాదం నేలను వదిలేయక తప్పదు. అంతకు చాలా ముందే, గంటకి ఏడు, ఏడున్నర కిలోమీటర్ల దగ్గరే నడక కంటే పరుగు చవకవుతుంది. పరుగులో ఒళ్లు లోలకం కాదు, స్ప్రింగు. మడమ వెనక ఉండే మందపాటి స్నాయువు సాగి, తనలోకి వచ్చిన శక్తిలో 90 శాతానికి పైగా తిరిగి ఇస్తుంది. బస్సు కదలబోతుంటే బిగబట్టి వేగంగా నడవకండి, చిన్నగా పరుగెత్తండి. అదే తక్కువ శ్రమ.

ఇసుక గురించి ఒక్క మాట. మన ఎలియట్స్ బీచిలో ఉండేలాంటి పొడి ఇసుక మీద అదే వేగంతో నడిస్తే గట్టి నేల కంటే 2.1 నుంచి 2.7 రెట్లు ఖర్చని 1998లో బెల్జియంలో కొలిచారు. మీ తోపు ఇసుకను జరపడానికి పోతుంది, వెనక్కి ఏమీ రాదు. ఒళ్లు తగ్గించుకోవాలంటే పొడి ఇసుక మంచిదే. దూరం వెళ్లాలంటే అల తడిపి వెనక్కి వెళ్లిన గట్టి పట్టీ మీద నడవండి. అక్కడ రేణువుల మధ్య నీటి పొర వాటిని పట్టి ఉంచుతుంది. ఆ పట్టీ సముద్రం వైపు వాలి ఉంటుంది కాబట్టి వెళ్లిన దూరమే తిరిగి రండి, లేకపోతే ఒకే తుంటి మీద భారం పడుతుంది.

మెట్లు: ఎక్కడం ఆయాసం, దిగడం నొప్పి

చెన్నైలో ఉన్న తెలుగువాళ్లలో ఏడాదికి ఒకసారైనా కాలినడకన తిరుమల వెళ్లేవాళ్లు చాలామంది. అలిపిరి దారిలో 3550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2388. 60 కిలోల మనిషి 15 సెంటీమీటర్ల మెట్టు ఎక్కితే 88 జూళ్ల పని. మెట్టు సగటున అంతే అనుకుంటే అలిపిరి దారి మొత్తానికి సుమారు 3,13,000 జూళ్లు. నాలుగో వంతు లెక్కన ఒంటికి దాదాపు 300 కిలో కేలరీలు, అంటే ఐదారు ఇడ్లీలు. ఇంతేనా అనిపిస్తుంది. నిజంగా కష్టపెట్టేది ఈ మొత్తం కాదు, ఖర్చు పెట్టే వేగం. నిమిషానికి 60 మెట్లు ఎక్కితే ఎత్తుకే 350 వాట్ల ఇంధనం కాలుతుంది, అందులో 260 వాట్లు వేడి. ఆ వేడి పోవాలంటే గంటకి సుమారు 400 గ్రాముల చెమట పూర్తిగా ఆరాలి. ఆరదు. నిమిషానికి 40 మెట్లకి దిగితే వేడి మూడో వంతు తగ్గుతుంది. అలిపిరి నుంచి గాలిగోపురం దాకా మెట్లే మెట్లు. అక్కడ మొదటి అరగంట పరుగెత్తినవాళ్లే తర్వాత మోకాళ్ల పర్వతం దగ్గర కూలబడతారు. పక్కనున్నవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగే లయలోనే మొదలుపెట్టండి.

అడుగు వేసే తీరు ఇలా:

1. మెట్టు మీద మునివేళ్లు కాదు, పాదం మొత్తం, వీలైనంత మడమతో సహా ఆనించండి. మునివేళ్ల మీద ఎక్కితే బరువు చీలమండ నుంచి 12, 13 సెంటీమీటర్లు ముందు పడుతుంది. మడమ స్నాయువు లాగే దూరం మాత్రం 5 సెంటీమీటర్లే. అంటే పిక్క మీద ఒంటి బరువుకి రెండున్నర రెట్లు. వంద మెట్లకే పిక్కలు పట్టేస్తాయి.

2. నడుము వంచకుండా తుంటి దగ్గర కాస్త ముందుకి వాలండి. అప్పుడు పిరుదు కండరాలు కూడా చేయి వేస్తాయి. నిటారుగా ఎక్కితే భారమంతా తొడ ముందు భాగానిదే, మోకాలి చిప్ప నొక్కుకుపోతుంది.

3. మోకాలు కాలివేళ్ల గీత మీదే ఉండాలి, లోపలికి కూలకూడదు.

4. పై మెట్టు మీద కాలు పెట్టాక వెంటనే లేవకండి. వెనక కాలి మోకాలు నిటారుగా చాచి, ఒక్క క్షణం ఎముక మీద బరువు నిలిపి, అప్పుడు లేవండి. కొండలెక్కేవాళ్లు ఎత్తైన చోట్ల ఇలాగే ఎక్కుతారు. ఆ అర సెకను విరామంలో తొడ కండరంలోకి రక్తం ఆడుతుంది. చూసేవాళ్లకి ఆ నడక నిదానంగా, గంభీరంగా కనిపిస్తుంది.

రెండేసి మెట్లు ఎక్కితే మొత్తం పని తగ్గదు, ఒక్కో అడుగులో మోకాలి మీద పడే బలం మాత్రం బాగా పెరుగుతుంది. సంచి బరువు లెక్క కూడా చూడండి. అయిదు కిలోల సంచికి మొత్తం మెట్ల మీద పాతిక కిలో కేలరీలే అదనం. కానీ అది ఒక చేతిలో వేలాడితే నడుము పక్కకి లాగుతూ ఎదురు పక్క కండరాన్ని గంటల తరబడి బిగబడుతుంది. వీపుకి కట్టుకోండి.

దిగేటప్పుడు ఆయాసం ఉండదు కాబట్టి చాలామంది దాన్ని పనిగా లెక్కపెట్టరు. అక్కడే దెబ్బ తింటారు. ఎక్కేటప్పుడు కండరం కుంచించుకుంటూ లాగుతుంది, దిగేటప్పుడు సాగుతూ బ్రేకు వేస్తుంది. బ్రేకు వేయడానికి ఇంధనం చాలా తక్కువ పడుతుంది. కానీ సాగుతూ బలం పట్టిన కండర పోగుల్లో సన్నని చిరుగులు పడతాయి. మర్నాడు, ఎల్లుండి తొడలు కుర్చీలో కూర్చోనివ్వనిది అందుకే. దిగేటప్పుడు ముందు మునిపాదం ఆనించి, తర్వాత మడమ మెల్లగా దించండి. పిక్క కొంత భారం మింగుతుంది. చప్పుడు వినండి. ప్రతి మెట్టుకీ ధబ్‌మంటే కండరం వదిలేసి ఎముక మీద పడుతున్నారన్నమాట. చేతికి ఆసరా దొరికితే పట్టుకోవడానికి మొహమాటపడకండి.

ఆ నొప్పికి మంచి మందు ముందే కొంచెం దిగి ఉండటం. ఒకసారి దిగుడు అలవాటైన కండరం తర్వాత కొన్ని వారాలపాటు అదే పనికి అంతగా నొచ్చుకోదు. ఇంటి అంతస్తు పది అడుగులైతే సుమారు 20 మెట్లు ఉంటాయి, మూడంతస్తులకి 60. నాలుగు వారాల ముందు రోజు విడిచి రోజు అయిదు సార్లు ఎక్కి దిగండి. వారానికి అయిదు చొప్పున పెంచితే నాలుగో వారానికి 20 సార్లు, 1200 మెట్లు. లిఫ్టులో దిగిపోతే సగం అభ్యాసం పోయినట్టే. ఆరుబయట ఎక్కాలనుకునేవాళ్లకి సెయింట్ థామస్ మౌంట్ ఉంది. సుమారు 300 అడుగుల గుట్ట, పద్దెనిమిదో శతాబ్దంలో ఆర్మీనియా వర్తకుడు ఖోజా పెట్రస్ ఉస్కాన్ కట్టించిన మెట్లు. పొద్దున్నే వెళ్లాలి, ఎండెక్కాక వద్దు.

నీళ్ల మోత

ఈ ఊళ్లో నీళ్లు మోయని ఇల్లు తక్కువ. 20 లీటర్ల క్యాను, ట్యాంకరు వచ్చినప్పుడు ప్లాస్టిక్ బిందెలు, మోటారు పాడైతే బకెట్లు.

క్యానుతో మొదలుపెడదాం. 20 కిలోలంటే 200 న్యూటన్ల లాగుడు. చేతులు చాచి, క్యాను మధ్య భాగం వెన్నునుంచి 55 సెంటీమీటర్ల దూరంలో ఉండగా ఎత్తితే 110 న్యూటన్ మీటర్ల మెలిక. దాన్ని నిలబెట్టాల్సిన వీపు కండరం వెన్నుపూసకి 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంది. అంటే అది 2200 న్యూటన్లతో లాగాలి, 220 కిలోల బరువు వేలాడినట్టు. మన మొండెం ముందుకి వంగిన బరువు దీనికి అదనం. క్యానుని ముందు పొట్టకి ఆనేలా లాక్కుంటే దూరం 30 సెంటీమీటర్లకి వస్తుంది, 1200 న్యూటన్లతో సరి. పాతిక సెంటీమీటర్లు దగ్గరికి లాగితే నడుము మీదనుంచి వంద కిలోలు దిగిపోయినట్టే. మోకాళ్లు వంచాలా, నడుము వంచాలా అని వాదించేవాళ్లు ఈ దూరం సంగతి మరిచిపోతుంటారు. మోకాళ్లు ఎంత వంచినా క్యాను మోకాళ్ల అవతల ఉంటే లాభం లేదు.

అందుకని క్యానుకి రెండు పక్కలా పాదాలు పెట్టండి, ఒకటి కాస్త ముందు. క్యానుని పక్కకి వంచి ఒక చేయి అడుగుకి, ఒక చేయి మెడకి. పొట్టకి ఆనించాక గానీ లేవకండి. తిరగాలంటే నడుము మెలితిప్పకుండా పాదాలు తిప్పండి. ఒక్క ఊపులో డిస్పెన్సరు మీదికి ఎత్తకండి, మధ్యలో స్టూలు మీద దించి పట్టు మార్చుకోండి. అసలు క్యాను నేలమీదే ఉంచి మూతికి బిగించే చేతిపంపు వాడితే ఇదంతా తప్పుతుంది. అరవై దాటినవాళ్ల ఇంట్లో అదే సరైన పద్ధతి.

ఇక బకెట్టు. సగం దూరం వెళ్లేసరికి చీర కుచ్చిళ్లు, పంట్లాం తడిసిపోవడం అందరికీ అనుభవమే. 28 సెంటీమీటర్ల వెడల్పు బకెట్టులో నీళ్లకి తమదైన ఊగుడు లయ ఉంటుంది. లెక్క వేస్తే సెకనుకి 1.8 సార్లు, నిమిషానికి 108. మన అడుగుల లయా దాదాపు అంతే. ఉయ్యాలని దాని లయకే తోసినట్టు ప్రతి అడుగూ నీళ్లని ఇంకొంచెం ఎత్తుకి ఊపుతుంది, పది అడుగుల్లో అంచు దాటుతాయి. చేయి బిగబట్టడం వల్ల లాభం లేదు, కుదుపు సూటిగా నీళ్లకే చేరుతుంది. మోచేయి కాస్త వదులుగా ఉంచి నిమిషానికి 80 అడుగుల లయకి తగ్గండి. నీళ్ల మీద పళ్లెం గానీ, ఆకుల రెమ్మ గానీ తేల్చితే అల దాని కింద రాసుకుని చచ్చిపోతుంది.

బిందెలో ఇంకో చిత్రం ఉంది. బిందె సగానికి ఉంటే నీటి పైతలం పొట్ట దగ్గర 30 సెంటీమీటర్ల వెడల్పుంటుంది, ఊగుడు సెకనుకి 1.75, మళ్లీ అడుగుల లయే. అదే మెడ దాకా నింపితే పైతలం 12 సెంటీమీటర్లకి కుంచించుకుపోతుంది. ఊగుడు సెకనుకి సుమారు రెండు ముప్పావుకి పెరిగి అడుగుకి అందకుండా పోతుంది. ఊగే నీళ్లూ కొంచెమే. నిండు కుండ తొణకదన్న మాట అక్షరాలా నిజం. రెండు సగం బిందెలు కాకుండా ఒక నిండు బిందె మోయడమే తొణకని పద్ధతి, బరువు ఓర్చుకోగలిగితే. చంకన పెట్టుకున్నప్పుడు బిందె పొట్ట తుంటి ఎముక మీద కూర్చోవాలి, చేయి దాన్ని పడకుండా పట్టుకోవడానికే. ఒకే పక్క రోజూ మోస్తే వెన్ను ఎప్పుడూ ఒక పక్కకే ఒరుగుతుంది, పక్క మార్చండి.

అలవాటున్నవాళ్లకి నెత్తిన మోయడం చాలా పొదుపు కావచ్చు. కెన్యాలో చిన్నప్పటినుంచి అలవాటున్న ఆడవాళ్లు తమ బరువులో ఐదో వంతు దాకా నెత్తిన పెట్టుకున్నా నడకకి అదనపు ఖర్చే పడలేదని 1986లో తేలింది. చుట్టకుదురు బరువుని నడినెత్తి మీద పరిచి మెడ ఎముకల వరస మీదుగా సూటిగా దించుతుంది. కానీ ఇది ఏళ్ల అలవాటు. నడివయసులో కొత్తగా మొదలుపెట్టేది కాదు.

లేవడం, నిలబడడం

కుర్చీలోంచి లేవడానికి చేతులతో తోసుకునేవాళ్లు చాలావరకు పాదాలు ముందుకి చాపి లేవబోతుంటారు. అంచుకి జరగండి, పాదాలు మోకాళ్ల కంటే పది సెంటీమీటర్లు వెనక్కి లాక్కోండి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకి వాలండి, ఆ ఊపు ఆగకుండానే లేవండి. వాలాక ఒక క్షణం ఆగితే ఊపంతా పోయి లేవడం మళ్లీ మొదటికొస్తుంది.

సిటీ బస్సులో నిలబడేటప్పుడు పాదాలు పక్కలకి కాదు, బస్సు వెళ్లే దిశలో ఒకటి ముందు, ఒకటి వెనక పెట్టండి. ఒంటి బరువు కేంద్రం నేలకి ఒక మీటరు ఎత్తులో ఉంటుంది. దాని ముందు పాదం ఆనిక 10 సెంటీమీటర్లే ఉంటే డ్రైవరు కాస్త బ్రేకు వేసినా తూలుతారు, 30 ఉంటే అంతకి మూడు రెట్ల బ్రేకుని తట్టుకుంటారు. పైకమ్మీని పట్టుకున్న మోచేయి కాస్త వంచి ఉంచండి. చాచిన చేయి కుదుపుని భుజం కీలుకే అందిస్తుంది.

అరమండి: చప్పుడు కావాల్సిన చోట

వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఇప్పుడు ఈ ఊళ్లో తెలుగు ఇళ్ల పిల్లలు కూచిపూడో భరతనాట్యమో ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉంటారు. నాట్యంలో పైన చెప్పిన సూత్రాలు రెండు తలకిందులవుతాయి, అది తెలియక మోకాళ్లు పాడుచేసుకుంటారు.

ఒకటి, అరమండిలో, అంటే పాదాలు పక్కలకి విప్పి సగం కూర్చున్నట్టుండే భంగిమలో, మోకాళ్లు వంగే ఉండాలి, తల మట్టం మారకూడదు. అంటే ఇది పొదుపు భంగిమ కాదు. 50 కిలోల అమ్మాయి అరమండిలో ఉంటే ఒక్కో కాలి మీద 245 న్యూటన్లు. మోకాలు పాదం గీతకి 20 సెంటీమీటర్లు పక్కన ఉంటే, చిప్ప కింది స్నాయువు 110 కిలోల బరువంత లాగుడు భరిస్తోంది, ఏమీ కదలకుండానే. కండరం బిగబట్టి నిలబడినా ఇంధనం కాలుతూనే ఉంటుంది. అందుకే అరమండిలో ఉండే సమయాన్ని కొద్దికొద్దిగా పెంచాలి. మొదట్లో అర నిమిషం పట్టి, అంతసేపూ విశ్రాంతి. తొడలు వణకడం మొదలైతే ఆపేయాలి. వణుకుతున్న కండరం మోకాలిని లోపలికి వదిలేస్తుంది. పాదాలు విప్పింది తుంటి దగ్గరా, చీలమండ దగ్గరా అన్నది చూడాలంటే అరమండిలో పైనుంచి కిందకి చూడండి. మోకాలు రెండో కాలివేలిని కప్పేయాలి. మోకాలు బొటనవేలి కంటే లోపలికి పడి కనిపిస్తే పాదాన్ని పక్కకి లాక్కుని మోకాలిని మెలిపెడుతున్నట్టు. పాదాల కోణం తగ్గించండి, ఏళ్ల మీద తుంటి తెరుచుకుంటుంది.

రెండు, తట్టు, అంటే పాదంతో నేలని కొట్టడం. ఇక్కడ చప్పుడే కావాలి. మోకాలి కింది కాలు, పాదం కలిపి ఒంటి బరువులో సుమారు ఆరు శాతం, 50 కిలోల అమ్మాయికి మూడు కిలోలు. తట్టు అంటే ఆ మూడు కిలోలు మాత్రమే నేలకి తగలాలి. మిగతా 47 కిలోలు రెండో కాలి మీద కదలకుండా కూర్చుని ఉండాలి. అలసిపోయిన పిల్ల ఒంటిని కూడా ఎత్తి కాలి మీద పడేస్తుంది. చప్పుడు పెరుగుతుందనుకుంటుంది, నిజానికి మొద్దుబారుతుంది, కీలు అదురుతుంది. పాదం పైకి, పిరుదు దగ్గరికి లేపి, మడమ, మునిపాదం రెండూ ఒకేసారి బల్లపరుపుగా దింపితే గాలి నలిగి పటేల్మని స్పష్టమైన తట్టు వస్తుంది. మడమ ముందు పడితే రెండు చప్పుళ్లు వినిపిస్తాయి, మడమ నొప్పి రావచ్చు.

నేల కూడా చూసుకోవాలి. చెక్క నేల కాస్త వంగి దెబ్బని పంచుకుంటుంది. కడప రాయి, కాంక్రీటు మీద పరిచిన టైల్సు వంగవు, మొత్తం కాలికే తిరిగొస్తుంది. ఇంట్లో సాధన అలాంటి నేల మీదే అయితే తట్టుని సగం బలంతో, లయ మాత్రం పూర్తిగా వేయించండి. కాలికి కట్టే గజ్జెలు కూడా పాదం చివర బరువే. అడుగులు కుదిరి, తట్టు ఒక్కటే చప్పుడుగా పడేదాకా గజ్జెలు లేకుండానే సాధన చేయించాలి. గజ్జెలు కట్టాక లోపలి తప్పు చప్పుడు వాటి మోతలో వినపడదు.